ఇంటి కరెంటు తీగలు, ప్లగ్గులు: రైతు తెలిసికొనవలసిన విషయములు

1955లో ఒడిషా సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము పనిచేయ నారంభించిన పిమ్మట ఉత్తర కోస్తాకు కరెంటు రాక పెరిగినది. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడినది. 2000లో ఏర్పడిన తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ నేడు విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములకు కరెంటు అందించుచున్నది. మన పెద్దలు మొదట కరెంటు పెట్టించుకొన్నది దీపము కొరకు. దీపమునకు రెండు తీగలు చాలును. ఆ రెండు తీగల మీదనే నేడు గ్రైండరు, ఫ్రిజ్జు, ఇస్త్రీపెట్టె, నీటి మోటారు నడుపుచున్నాము. చిక్కు ఇక్కడనే ఉన్నది.

కొంతకాలము క్రిందట నారుమడులు చూచుటకు నెల్లిమర్ల వైపు ఒక గ్రామమునకు పోయి, ఒక రైతు ఇంట మజ్జిగ త్రాగుటకు కూర్చుంటిని. వంటయింటిలో ఇల్లాలు గ్రైండరులో పప్పు రుబ్బుచున్నది. ఆమె నేలమీద గాక చెక్కపీట మీద నిలిచి యుండుట చూచి కారణ మడిగితిని. “పీట లేకపోతే జిల్లుమంతాది బాబూ, అలవాటైపోనాది” అని ఆమె చెప్పినది. ఎనిమిది నెలలుగా అట్లే సాగుచున్నదట. ప్లగ్గు విప్పి చూడగా ఆకుపచ్చ తీగ కత్తిరించి యున్నది. గోడనున్న సాకెట్టులో మూడవ రంధ్రమునకు వెనుక ఏ తీగయు లేదు. ఆ ఇంట మూడేండ్ల బిడ్డ తడికాళ్లతో అటు ఇటు పరుగెత్తుచున్నది. పీట సంగతి తల్లికి తెలియును గాని బిడ్డకు తెలియదు గదా!

ఇట్టి ఇండ్లు అనేకము కలవు. అందుచేత ఇంటి వైరింగు ఎట్లు పనిచేయునో, ప్లగ్గులో మూడవ పిన్ను ఎందుకున్నదో ఈ వ్యాసములో వివరింతుము. వైరింగు పని మీరు స్వయముగా చేయుడని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఆ పని లైసెన్సు గల పనివాడే చేయవలెను. కాని అతడు చేసినది సరిగా నున్నదో లేదో ఇంటి యజమాని తెలిసికొనగలిగి యుండవలెను.

కరెంటు పోవు దారి, వచ్చు దారి

మీ వీధి స్తంభము నుండి ఇంటికి రెండు తీగలు వచ్చును. ఒకటి ఫేజు, రెండవది న్యూట్రల్. ఈ రెంటి నడుమ 230 వోల్టుల ఒత్తిడి ఉండును. చెరువు మట్టము ఎత్తుగా నున్నచో తూము నుండి నీరు వేగముగా వచ్చును గదా, వోల్టేజి అనగా అట్టి మట్టము. కాలువలో పారు నీటి పరిమాణము వంటిది కరెంటు. దానిని ఆంపియర్లలో కొలుతురు. పారుదలకు అడ్డు తగులు గుణమును నిరోధము అందురు. దానిని ఓములలో కొలుతురు. వోల్టులను ఓములచే భాగించినచో ఆంపియర్లు వచ్చును. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకొన్నచో వ్యాసమంతయు బోధపడును.

కరెంటు నీటివలె పారి ఇంకిపోవునది కాదు. ఫేజు తీగలో వచ్చినది దీపము గుండా గాని మోటారు గుండా గాని పోయి, న్యూట్రల్ తీగలో ట్రాన్స్‌ఫార్మరుకు తిరిగి చేరవలెను. దారి పూర్తియైననే ప్రవాహము. స్విచ్చి తీసిన ఆ దారి తెగును.

ఇక ముఖ్యమైన సంగతి. ట్రాన్స్‌ఫార్మరు వద్ద న్యూట్రల్‌ను నేలతో కలిపి యుంతురు. కావున ఫేజు నుండి బయలుదేరిన కరెంటుకు తిరిగి పోవుటకు న్యూట్రల్ తీగ ఒక దారి, నేల మరియొక దారి. నేలమీద నిలిచిన మనిషి ఫేజును తాకినచో అతని శరీరమే ఆ రెండవ దారిలో భాగమగును. చెక్కపీట ఆ ఇల్లాలిని కాపాడినది ఇందుచేతనే. ఎండిన చెక్క గుండా కరెంటు సులభముగా పోదు. పీట తడిసిన నాడు ఆ రక్షణ యుండదు.

ఎంత కరెంటు ప్రాణము తీయును?

ఆంపియరులో వెయ్యవ వంతును మిల్లీ ఆంపియరు అందురు. ఒక మిల్లీ ఆంపియరు ప్రవహించిన చురుక్కుమను స్పర్శ మాత్రమే తెలియును. పది, పదిహేను మిల్లీ ఆంపియర్లైనచో కండరములు బిగిసికొని, పట్టుకొన్న వస్తువును చేయి వదలలేదు. ముప్పది దాటినచో ఊపిరికి, గుండెకు ముప్పు. యాబది నుండి నూరు వరకు పోయినచో గుండె లయ తప్పి క్షణములలో ప్రాణము పోవచ్చును.

పొడి చర్మమునకు వేల ఓముల నిరోధము ఉండును. తడిసిన శరీరము నిరోధము రమారమి వెయ్యి ఓములకు పడిపోవును. 230 వోల్టులను 1000చే భాగించిన 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లీ ఆంపియర్లు. దీపము వెలుగుటకు చాలని కరెంటు మనిషిని చంపుటకు చాలును. నాటు వేసి తడికాళ్లతో, తడిచేతులతో ఇల్లు చేరు రైతు కుటుంబమునకు ఈ ప్రమాదము పట్టణవాసి కంటె ఎక్కువ.

రంగులు, స్విచ్చి

గోడలలోని తీగలలో ఫేజునకు ఎరుపు, న్యూట్రల్‌నకు నలుపు, ఎర్తునకు ఆకుపచ్చ రంగు వాడుక. మూడు ఫేజుల సరఫరా ఉన్నచోట ఎరుపు, పసుపు, నీలము మూడును ఫేజులే. కాని కొన్న వస్తువులతో వచ్చు మెత్తని త్రాడులో రంగులు వేరు: గోధుమ రంగు ఫేజు, నీలము న్యూట్రల్, ఆకుపచ్చపై పసుపు చార గలది ఎర్తు. ఈ భేదము ఎరుగక పొరపడువారు కలరు. త్రాడులో నీలము న్యూట్రల్. మూడు ఫేజుల బోర్డులో నీలము ఫేజు. రంగును మాత్రమే నమ్మి తీగను ముట్టరాదు.

స్విచ్చి ఎల్లపుడు ఫేజు తీగ మీదనే ఉండవలెను. న్యూట్రల్ మీద పెట్టినను దీపము వెలుగును, ఆరును. పైకి తేడా కనబడదు. కాని స్విచ్చి ఆర్పినను ఫేజు హోల్డరు వరకు వచ్చి నిలిచి యుండును. “స్విచ్చి తీసితిని గదా” యని బల్బు మార్చబోయినవానికి షాకు తగులుట ఇందుచేతనే.

ఒక నియాన్ టెస్టరు కొని ఇంట నుంచుకొనుడు. సాకెట్టునకు ఎదురుగా నిలిచినపుడు పైన నుండునది ఎర్తు రంధ్రము. దిగువ రెంటిలో కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రల్. స్విచ్చి వేసి పరీక్షించినపుడు కుడివైపున మాత్రమే టెస్టరు వెలుగవలెను. స్విచ్చి తీసినచో ఎందును వెలుగరాదు. ఎడమ రంధ్రములోగాని, పై రంధ్రములోగాని, ఏదైన వస్తువు లోహపు ఒంటిమీదగాని వెలిగినచో వెంటనే మెయిన్ ఆపి పనివానిని పిలువవలెను. టెస్టరు వెలుగనంత మాత్రమున కరెంటు లేదని నిశ్చయింపరాదు; టెస్టరే పాడై యుండవచ్చును. ముందుగా కరెంటు ఉన్న చోట వెలిగించి చూచుకొనుడు.

ప్లగ్గు నిర్మాణములోని రహస్యము

మన దేశములో గుండ్రని పిన్నుల ప్లగ్గులు రెండు పరిమాణములలో దొరకును. చిన్నది 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. పూర్వము వీనినే 5, 15 ఆంపియర్ల ప్లగ్గు లనెడివారు. ఈ పద్ధతి బ్రిటిషువారి నుండి వచ్చినది. వారు 1947 నుండి చదరపు పిన్నులుండి ప్లగ్గులోనే ఫ్యూజు గల కొత్త రకమునకు మారిరి. మనము గుండ్రని పిన్నులనే ఉంచుకొంటిమి. మన ప్లగ్గులో ఫ్యూజు లేదు. కనుక మన రక్షణ బోర్డు మీదను, ఎర్తు మీదను ఆధారపడి యున్నది.

మూడవ పిన్నును చూడుడు. అది మిగిలిన రెంటికంటె లావుగా, పొడవుగా ఉండును. లావు కనుక పొరపాటున ఫేజు రంధ్రములో దూరదు. పొడవు కనుక ప్లగ్గు పెట్టునపుడు అన్నిటికంటె ముందు తగులును. తీయునపుడు అన్నిటికంటె చివర విడిపోవును. అనగా వస్తువునకు కరెంటు చేరుటకు ముందే దాని ఒంటికి నేలతో సంబంధము ఏర్పడును. కరెంటు పోయిన తరువాతనే ఆ సంబంధము తెగును. ఇంత ఆలోచించి చేసిన పిన్నును మనవారు రెండు పిన్నుల సాకెట్టులో పట్టలేదని విరుగగొట్టుచున్నారు!

మరికొన్ని దురలవాట్లను గూడ చెప్పవలసి యున్నది. ప్లగ్గు లేకయే తీగల కొనలు ఒలిచి, సాకెట్టులో పెట్టి, అగ్గిపుల్లలు గుచ్చి బిగించుట అనేక ఇండ్లలో చూచుచున్నాము. తీగ జారినచో ఫేజు బయటపడి యుండును. వదులుగా నున్నచో అచ్చట మెరుపులు వచ్చి, వేడెక్కి, అగ్గిపుల్లయే అంటుకొనును. కొన్ని సాకెట్లలో ఎర్తు పిన్ను దూరినగాని మిగిలిన రంధ్రముల మూతలు తెరచుకొనవు. పిల్లలు వేళ్లు పెట్టకుండ చేసిన ఏర్పాటిది. దానిలో పుల్ల గుచ్చి రెండు పిన్నుల ప్లగ్గు దూర్చుట ఆ ఏర్పాటును చెడగొట్టుటయే.

మొబైలు చార్జరు, టీవీ వంటి వానికి రెండు పిన్నులే వచ్చుచున్నవి గదా యని కొందరు అడుగుదురు. వాని పైభాగము ప్లాస్టిక్కుతో, లోపల రెండు పొరల రక్షణతో చేయబడి, ఒక చదరములో మరియొక చదరము గల గుర్తు వేయబడి యుండును. వానికి ఎర్తు అక్కరలేదు. ఇనుము లేక ఇతర లోహపు ఒళ్లు గల గ్రైండరు, ఫ్రిజ్జు, ఇస్త్రీపెట్టె, హీటరు, మోటారులకు మూడవ పిన్ను తప్పనిసరి.

బరువు ఎంత? తీగ ఎంత?

ఏ వస్తువు మీదనైనను వాట్లు వ్రాసి యుండును. ఆ అంకెను 230చే భాగించినచో ఆంపియర్లు తెలియును. సాధారణముగా నుండు లెక్క ఇది:

ఎల్‌ఇడి బల్బు, 9 వాట్లు: ఆంపియరులో ఇరువది అయిదవ వంతు.
సీలింగు ఫ్యాను, 75 వాట్లు: ఆంపియరులో మూడవ వంతు.
మిక్సీ, 750 వాట్లు: 3.3 ఆంపియర్లు.
ఇస్త్రీపెట్టె, 1000 వాట్లు: 4.3 ఆంపియర్లు.
నీళ్లు కాచు రాడ్డు, 1500 వాట్లు: 6.5 ఆంపియర్లు.
గీజరు, 2000 వాట్లు: 8.7 ఆంపియర్లు.

రాడ్డు సంగతి గమనింపుడు. 6.5 ఆంపియర్లు తీసికొను వస్తువును 6 ఆంపియర్ల సాకెట్టులో పెట్టుట అనేక ఇండ్లలో జరుగుచున్నది. సాకెట్టు నల్లబడుట, ప్లగ్గు ముట్టిన వేడిగా నుండుట దీని ఫలితమే. రాడ్డును 16 ఆంపియర్ల సాకెట్టులోనే వాడవలెను. బకెట్టులో నీరు పోసి, రాడ్డు ఉంచిన పిమ్మటనే స్విచ్చి వేయవలెను. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీయక పూర్వము నీటిలో వేలు పెట్టి వేడి చూడరాదు.

దీపములకు, ఫ్యానులకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పెద్ద సాకెట్లకు 2.5, గీజరు, ఏసీ వంటి వానికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడుకలో నున్నవి. ఐఎస్‌ఐ గుర్తు గల తీగనే కొనుడు. ఒక సాకెట్టు నుండి పొడిగింపు పెట్టె, దానినుండి మరియొక పొడిగింపు పెట్టె తగిలించుట తగదు. చివరను ఎన్ని వస్తువులున్నను వాని కరెంటంతయు మొదటి తీగ గుండానే పోవలసి యుండును.

ఫ్యూజు అనగా తెగవలసిన తీగ

తీగలో పుట్టు వేడి కరెంటు రెట్టింపైనచో నాలుగు రెట్లగును; మూడు రెట్లైనచో తొమ్మిది రెట్లగును. ఈ వేడికి గోడలోని తీగ కాలకమునుపే కరిగి తెగిపోవుటకు పింగాణి కటౌటులో సన్నని ఫ్యూజు తీగ పెట్టుదురు. అది మాటిమాటికి తెగుచున్నదని విసిగి కొందరు లావు రాగి తీగను మడిచి చుట్టుదురు. ఇక ఆ ఫ్యూజు తెగదు. తెగవలసినది తెగనిచో గోడలోనో, కప్పు క్రిందనో ఉన్న తీగ ఎర్రబారును. తాటాకు పాకలు, గడ్డి కప్పులు గల చోట దీని ఫలితము వేరుగా చెప్పనక్కరలేదు.

ఫ్యూజు తెగినదనిన ఏదో తప్పు జరుగుచున్నదని అర్థము; ఆ తప్పును వెదకవలెను. నేడు పింగాణి కటౌటుకు బదులు ఎంసీబీ యను మీట వచ్చినది. బరువు మించినచో మీట తానే క్రిందికి పడును. తప్పు సరిచేసి తిరిగి పైకి వేసికొనవచ్చును. వెంటనే మరల పడినచో బలవంతముగా ఎత్తి పట్టరాదు.

అయితే ఒకటి గుర్తుంచుకొనవలెను. ఫ్యూజు, ఎంసీబీ తీగను, ఇంటిని మంట నుండి కాపాడును. మనిషిని కాపాడుట వాని వలన కాదు. మనిషిని చంపుటకు ఆంపియరులో పదియవ వంతు చాలును. 16 ఆంపియర్ల ఫ్యూజు దానిని గుర్తింపనేలేదు. మనిషిని కాపాడుటకే మూడవ తీగ.

ఎర్తు: ఇది నేల సంగతి

గ్రైండరు లోపల తీగ ఒరిసి దాని ఇనుప ఒంటికి తగిలినదనుకొందము. ఒంటికి ఎర్తు తీగ ఉన్నచో కరెంటు ఆ సులభమైన దారిన నేలలోనికి ఉధృతముగా పోవును. ఆ ఉధృతికి ఫ్యూజు తెగును. ఎర్తు లేనిచో ఒళ్లంతయు 230 వోల్టులతో నిండి, ముట్టువాని కొరకు వేచి యుండును.

కాని ఆకుపచ్చ తీగ ఉన్నంత మాత్రమున చాలదు. అది చేరిన గుంతలో నేల మంచిదై యుండవలెను. ఎర్తు గుంత నిరోధము 5 ఓములైనచో 230ని 5చే భాగింపగా 46 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఎర్తు నిరోధమును కలుపగా కొంత తగ్గినను ఫ్యూజు తెగుటకు అవకాశము కలదు. నిరోధము 50 ఓములైనచో 4.6 ఆంపియర్లు మాత్రమే పారును. 16 ఆంపియర్ల ఫ్యూజు తెగదు. ఎర్తు ఉండియు వస్తువు ఒంటిమీద ప్రమాదకరమైన వోల్టేజి నిలిచియుండును.

సేద్య శాస్త్రము బోధించు నేను కరెంటు తీగల గురించి వ్రాయుట ఇందుకే. ఎర్తు మంచి చెడ్డలు నేలను బట్టి యుండును. నేల గుణము మీకు తెలిసినంతగా పట్టణపు పనివానికి తెలియదు. మట్టిలో కరెంటును మోయునది మట్టి రేణువులు కాదు, వాని నడుమ నున్న తేమయు, ఆ తేమలో కరగిన లవణములును. తేమ నిలుపు బంకమట్టి, నల్లరేగడి మంచి ఎర్తు నిచ్చును. విజయనగరము జిల్లాలో ఎక్కువగా నున్న ఎర్ర గరప నేలలు త్వరగా ఆరిపోవును. ఇసుక, గులకరాళ్లు, రాతి పొర ఉన్నచోట ఎర్తు మిక్కిలి బలహీనము. వర్షములలో కొలిచి బాగున్నదనిన గుంత వైశాఖమాసమునకు పనికిరాకుండ పోవచ్చును.

కావున ఎర్తు గుంత విషయములో ఈ క్రింది సూచనలు పాటింపవలెను.

చోటు: ఇంటి పునాదికి కనీసము ఒకటిన్నర మీటరు దూరమున, ఏడాది పొడవున తేమ ఉండు చోట ఎంచుకొనుడు. స్నానపు నీరు పోవు దారి ప్రక్క మేలు.

లోతు: ఎండాకాలములో పైమట్టి ఎంత లోతు ఆరునో మీకు తెలియును. గొట్టము ఆ పొరను దాటి తడి మట్టిని చేరవలెను. 40 మిల్లీమీటర్ల వ్యాసము, రెండున్నర మీటర్ల పొడవు గల జస్తాపూత ఇనుప గొట్టము వాడుక.

నింపుట: గొట్టము చుట్టు బొగ్గు పొడి, ఉప్పు పొరలు పొరలుగా వేయుదురు. బొగ్గు తేమను పట్టి యుంచును. ఉప్పు తేమలో కరిగి కరెంటునకు దారి ఇచ్చును. వర్షములకు ఉప్పు కొట్టుకొనిపోవును గనుక కొన్నేండ్ల కొకమారు మరల వేయవలెను.

పోషణ: మాఘము నుండి వర్షములు పడు వరకు వారమున కొకసారి గొట్టము పై గరాటులో రెండు బకెట్ల నీరు పోయుడు. కొబ్బరి మొక్కకు పోసినట్లే దీనికిని పోయవలెను. తీగను గొట్టమునకు బిగించు బోల్టు త్రుప్పు పట్టకుండ చూడుడు.

పరీక్ష: కొందరు పనివారు ఫేజునకు, ఎర్తునకు నడుమ బల్బు వెలిగించి “ఎర్తు బాగున్నది” యందురు. 60 వాట్ల పాతరకపు బల్బు నిరోధము రమారమి 880 ఓములు. దానితోపాటు 50 ఓముల చెడ్డ ఎర్తు చేరినను వెలుగులో భేదము కంటికి తెలియదు. బల్బు వెలిగిన ఎర్తు తీగ తెగలేదని మాత్రమే అర్థము. నిరోధము కొలుచుటకు ఎర్తు టెస్టరు అను పరికరము కలదు. దానితో వేసవిలో కొలిపించుడు.

మరియొక హెచ్చరిక. న్యూట్రల్ తెగిపోయిన రాత్రి ఎర్తు గొట్టమునే న్యూట్రల్‌గా వాడి దీపములు వెలిగించుకొనుట పల్లెలలో కద్దు. ఇట్లు చేసినచో ఎర్తు తీగ మీద వోల్టేజి ఎక్కి, ఆ తీగకు కలిసిన ఫ్రిజ్జు, గ్రైండరు, మోటారు అన్నియు ఒక్కసారిగా షాకు కొట్టును. కాపలాదారునే దొంగగా మార్చుకొన్నట్లగును. ఒక రాత్రి చీకటిలో నుండుట మేలు.

లీకేజి బ్రేకరు

ఎర్ర గరప నేలలో ఎర్తు ఎంత శ్రద్ధగా చూచినను వేసవిలో 5 ఓములు నిలుపుట కష్టము. దీనికి తోడుగా ఆర్‌సీసీబీ యను పరికరము పెట్టించుకొనవలెను. దీని పని సులభముగా బోధపడును. చెరువు తూము వద్ద వదిలిన నీరు, కాలువ చివర చేరిన నీరు సమానముగా లేనిచో నడుమ గండి పడినదని తెలిసికొందుము గదా! ఈ పరికరము ఫేజులో పోవు కరెంటును, న్యూట్రల్‌లో తిరిగి వచ్చు కరెంటును సరిచూచుచుండును. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినచో సెకనులో మూడవ వంతు లోపల సరఫరా తెంచివేయును. 50 ఓముల ఎర్తు గుండా కారు 4.6 ఆంపియర్లను ఫ్యూజు పట్టలేదు. ఈ బ్రేకరు క్షణములో పట్టును.

కొనునపుడు 30 మిల్లీ ఆంపియర్లదని చూచి కొనుడు. దానిమీద పరీక్ష మీట ఉండును. నెలకొకసారి నొక్కినచో బ్రేకరు పడవలెను. పడనిచో మార్పించుడు. ఇది ఉన్నదని ఎర్తును విడువరాదు. ఎర్తు ఉన్నచో ఎవరును ముట్టకమునుపే బ్రేకరు పడును; ఎర్తు లేనిచో ఎవరికో షాకు తగిలిన తరువాతనే పడును. ఒక చేత ఫేజు, ఒక చేత న్యూట్రల్ పట్టుకొన్నవానిని ఈ పరికరము గూడ కాపాడలేదు.

వానలు, తుపానులు, పశువుల సాల

తొలకరి వానలకు మట్టిగోడలు నాని, కప్పు క్రింద ఎలుకలు కొరికిన తీగలు తడిసి, గోడలే జిల్లుమనుట కలదు. మృగశిర కార్తెకు ముందే తీగలన్నియు చూపించుకొనుడు. బట్టలు ఆరవేయు దండెమునకు ఇనుప తీగ వాడి, దానిని మీటరు స్తంభమునకో, రేకుల కప్పునకో కట్టుట ప్రాణాంతకము. నైలాను త్రాడు కట్టుకొనుడు.

పశువుల సాలలో బల్బు, స్విచ్చి పశువునకు అందనంత ఎత్తున ఉండవలెను. ఇనుప స్తంభమునకు, స్తంభపు లాగుడు తీగకు పశువును కట్టరాదు. నేలలోనికి కరెంటు కారుచున్న చోట ఒక అడుగుకు మరియొక అడుగుకు నడుమ వోల్టేజిలో తేడా ఉండును. పశువు ముందుకాళ్లకు వెనుకకాళ్లకు దూరము ఎక్కువ గనుక మనిషి తట్టుకొన్న చోట గేదె పడిపోవును. ఇంటి సాకెట్టు నుండి తీగ లాగి పందుల కొరకు చేను చుట్టు కరెంటు పెట్టుట నేరము. దానికి పంది, పొరుగు రైతు అను భేదము లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు మన ప్రాంతమున స్తంభములను ఎట్లు కూల్చినవో చూచితిమి. తెగిపడిన తీగలో కరెంటు లేదని ఎన్నడును అనుకొనరాదు. దూరముగా నుండి 1912 నంబరుకు తెలుపుడు. ఇల్లు తడిసినచో మెయిన్ ఆపి యుంచి, బోర్డులు ఆరిన పిమ్మట పరీక్ష చేయించి వేసికొనుడు. జనరేటరు తెచ్చినచో దానిని సాకెట్టు గుండా ఇంటి లైనునకు కలుపరాదు. ఆ కరెంటు వెనుకకు పోయి, ట్రాన్స్‌ఫార్మరులో వేల వోల్టులుగా మారి, స్తంభముపై పనిచేయు లైన్‌మాన్‌ను చంపగలదు. మార్పు స్విచ్చి పెట్టించిననే జనరేటరు వాడవలెను.

షాకు తగిలినపుడు

పట్టుకొని యున్నవానిని చేతితో లాగరాదు, లాగినవాడును చిక్కుకొనును. ముందు మెయిన్ ఆపుడు. వీలుకానిచో పొడి చెక్కమీద నిలిచి పొడి కర్రతో తీగను తప్పింపుడు. ఇది ఇంటి కరెంటునకు మాత్రమే. స్తంభముల మీది పెద్ద లైనుకు కర్ర పనికిరాదు, సరఫరా ఆపువరకు దగ్గరకు పోరాదు. ఊపిరి ఆడనిచో 108కి ఫోను చేయించి, వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు నూరు నుండి నూట ఇరువది సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతు దిగునట్లు నొక్కుచుండవలెను. సహాయము వచ్చువరకు ఆపరాదు. లేచి కూర్చున్నను ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

నేడే చేయవలసిన పనులు

1. ఇంటిలో విరిగిన మూడవ పిన్నులు, అగ్గిపుల్లల తీగలు ఎన్ని ఉన్నవో లెక్కించి తీసివేయుడు.
2. ప్రతి సాకెట్టు వెనుక ఎర్తు తీగ ఉన్నదో లేదో పనివానిచే విప్పించి చూడుడు.
3. కటౌటులో లావు తీగ ఉన్నచో మార్పించుడు.
4. ఎర్తు గుంత ఎక్కడ ఉన్నదో తెలిసికొని నీరు పోయుడు.
5. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించుడు.
6. ఏ వస్తువైనను జిల్లుమన్నచో ఆ క్షణమే ప్లగ్గు తీసి, బాగుచేయించువరకు వాడకుడు.

ఆ గ్రామపు రైతు మరునాడే సాకెట్టునకు ఎర్తు తీగ లాగించి, పెరటిలో గుంత తీయించి, బ్రేకరు పెట్టించినాడు. గ్రైండరు లోపల ఒరిసిన తీగను గూడ బాగుచేయించినాడు. తరువాత నేను పోయినపుడు ఇల్లాలు నేలమీదనే నిలిచి రుబ్బుచున్నది; పీట మీద బిడ్డ కూర్చుండి అన్నము తినుచున్నది. పీట ఉండవలసినది అందుకే.